గుర్రపు పోటీలకు కుక్కల్ని రానివ్వాలా, వద్దా?

మధురవాడ_లత
పోయిన ఆదివారం ఆనందపురం దాటాక ఒక రైడింగ్ క్లబ్‌లో పిల్లల జంపింగ్ పోటీ జరిగింది. క్లబ్ పేరు రాయను. మా పదమూడేళ్ల పాప 80 సెంటీమీటర్ల ఎత్తు అడ్డాల క్లాసులో దిగింది. మూడు అడ్డాలు శుభ్రంగా దాటింది. నాలుగోదాని దగ్గరికి వస్తుండగా కంచె పక్కన నిలబడ్డ ఒకాయన చేతిలోంచి బీగిల్ కుక్క జారిపోయి రింగులోకి దూరింది. మెడకి బెల్టు ఉంది. బటన్ నొక్కితే సాగే తాడు ఉంటుంది చూడండి, దాని ప్లాస్టిక్ పిడి నేలమీద టకటకా కొట్టుకుంటూ కుక్క వెనకాలే వస్తోంది. గుర్రం ఠక్కున ఆగి పక్కకి గెంతింది. పాప ఎడమ భుజం మీద పడింది. ఎముక విరగలేదు, అప్పన్న దయ. జడ్జి గంట కొట్టలేదు. రైడర్ పడితే ఎలిమినేషనే అన్నారు. కుక్క గలాయన మాత్రం నవ్వుతూ "ఆడుకోడానికే వెళ్లిందండీ, ఎవర్నీ కరవదు" అన్నాడు.

గుర్రాల పోటీకి కుక్కలతో పనేంటి అసలు? పూర్తిగా నిషేధించమని క్లబ్‌కి లెటర్ రాస్తున్నా. సంతకం పెట్టేవాళ్లు చెప్పండి.

గాజువాక_గోపి
నేను పెడతా. బీగిల్ కూడా పెడతానంటే వేలిముద్ర తీసుకోండి.

బ్రూనో_వాళ్లమ్మ
పాపకి దెబ్బ తగలడం బాధాకరం. కానీ ఒకడు తాడు సరిగ్గా పట్టుకోలేదని అందరి కుక్కలకీ శిక్షేంటి? మా బ్రూనో లాబ్రడార్. బాబు పోటీలన్నిటికీ వస్తాడు, నా కాళ్ల దగ్గర పడుకుని నిద్రపోతాడు. ఇంట్లో వదిలేసి వెళ్లడానికి మాకు ఎవరూ లేరు. సాగర్‌నగర్ నుంచి పొద్దున్న ఐదింటికి బయల్దేరితే తిరిగొచ్చేసరికి రాత్రవుతుంది. ఫ్లాట్‌లో అంతసేపు కట్టేసి పెట్టమంటారా?

మధురవాడ_లత
@బ్రూనో_వాళ్లమ్మ మీ బ్రూనో మంచివాడే కావచ్చు. ఆ బీగిల్ ఓనరు కూడా తన కుక్క గురించి అదే మాట అన్నాడు.

మద్దిలపాలెం_కిట్టు
ఒక డౌటు. ఆర్కే బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే గుర్రాల చుట్టూ సాయంత్రం అన్నీ వీధి కుక్కలే. మొరుగుతాయి, వెంటపడతాయి. అవి పట్టించుకోవు కదా. లక్షలు పోసి కొన్న గుర్రాలకే ఎందుకీ భయం?

లాయం_రాజు
@మద్దిలపాలెం_కిట్టు బీచ్ గుర్రం నడుస్తుంది, అదీ పక్కన మనిషి కళ్లెం పట్టుకుని ఉండగా. రోజూ అదే ఇసుక, అవే కుక్కలు, అదే జనం. దానికి అంతా అలవాటే. పోటీ గుర్రం సంగతి వేరు. ముందురోజు రాత్రి వ్యాన్‌లో వచ్చి దిగుతుంది. లాయం కొత్తది, నీళ్ల రుచి కూడా కొత్తదే, పక్కగదిలో ఎవరిదో గుర్రం. అప్పటికే సగం టెన్షన్‌లో ఉంటుంది. దానికి తోడు కాళ్లకింద నుంచి ఏదో దూసుకొస్తే ఏం చేస్తుంది?

మాకు భీమిలి రోడ్డులో చిన్న లాయం ఉంది. రెండు నాటు కుక్కలున్నాయి, గుర్రాలతోపాటే పెరిగాయి. ఒకటి చలికాలంలో ముసలి గుర్రం పక్కనే గడ్డిలో పడుకుంటుంది. నాడాలు కొట్టేవాడు వచ్చిన రోజు వాటికి పండగ. చెక్కేసిన గిట్ట ముక్కల కోసం సుత్తి చప్పుడు వినబడగానే పరిగెత్తుకొస్తాయి. మా గుర్రాలు వాటిని చూసి చెవి కూడా కదపవు. అదే గుర్రం ముందు పొమెరేనియన్‌ని తీసుకొచ్చి నిలబెడితే కళ్లలో తెల్లగుడ్డు కనిపిస్తుంది. కుక్క పెద్దదా చిన్నదా అన్నది కాదు, దానికి పరిచయం ఉందా లేదా అన్నదే లెక్క.

గాజువాక_గోపి
గిట్ట ముక్కలు తింటాయా? ఛీ.

లాయం_రాజు
ఇష్టంగా తింటాయి. అడ్డుకుంటే మనమీదే గుర్రుమంటాయి.

పశువుల_డాక్టర్_విజయనగరం
రాజు గారు చెప్పింది నిజం. కొంచెం కలుపుతాను.

గుర్రం కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి. దాదాపు 350 డిగ్రీలు కనబడుతుంది. కనబడని చోట్లు రెండే: సరిగ్గా తోక వెనక, నుదుటి ముందు ముక్కు కింద. పక్కనుంచి ఏది కదిలినా ముందు దానికే తెలుస్తుంది. గడ్డి మేసే జంతువు, వేటాడే జంతువుని చూస్తే ముందు పరిగెత్తుతుంది, ఆ తర్వాతే అది ఏమిటో చూసుకుంటుంది. కుక్క సంగతి దీనికి సరిగ్గా తిరగేసి. ఏదైనా పరిగెత్తితే దాని వెంటపడాలనిపిస్తుంది. ఒకటి పరిగెత్తేది, ఇంకోటి తరిమేది. రెంటినీ ఒకే రింగులో పెట్టి "ఆడుకుంటోందండీ" అంటే ఎలా?

ఇక గుర్రం వెనక కాలితో ఒక్క తన్ను తన్నితే కుక్క పక్కటెముకలు విరిగి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. అలాంటి కేసులు చూశాను. కాబట్టి కుక్కని ప్రేమించేవాళ్లు కూడా దాన్ని దూరంగా ఉంచాలనే అనుకోవాలి. కుక్క గుర్రం కాలు కొరికిందంటే చిన్న గాయమేలే అని వదిలేయకండి. ధనుర్వాతం అందరికంటే తొందరగా పట్టుకునే పశువుల్లో గుర్రం ఒకటి. రేబీస్ కూడా వస్తుంది. వస్తే వైద్యం లేదు.

ఎంవీపీ_శ్రావణి
డాక్టర్ గారూ, మా దగ్గర కోలీ ఉంది. గుర్రాల దగ్గరికి తీసుకెళ్తే ఏదో విషమవుతుందని ఎవరో అన్నారు. నిజమేనా?

పశువుల_డాక్టర్_విజయనగరం
@ఎంవీపీ_శ్రావణి గుర్రాలకి కడుపులో పురుగులు పోవడానికి ఐవర్‌మెక్టిన్ పేస్టు పట్టిస్తారు. దాని పేడలో ఆ మందు కొంత ఉంటుంది. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి ఆ మందు మెదడులోకి చేరకుండా ఆపే శక్తి పుట్టుకతోనే ఉండదు. పేడ తిన్నా, లేదా గుర్రం ఉమ్మేసిన పేస్టు నాకినా ప్రమాదమే. తూలుతుంది, కళ్లు కనబడవు, కొన్నిసార్లు బతకదు. లాయం వైపు తీసుకెళ్లొద్దు.

ఎంవీపీ_శ్రావణి
అమ్మో. మావాడు పేడ కనిపిస్తే వదలడు. ఇకనుంచి ఇంట్లోనే.

రుషికొండ_రైడర్
అందరూ మాట్లాడుతున్నారు గానీ నిబంధన ఎవరూ చెప్పలేదు. అంతర్జాతీయ పోటీలు నడిపే ఎఫ్‌ఈఐ కుక్కల్ని నిషేధించలేదు. కుక్కకి తాడుండాలి, ఆ తాడు రెండో చివర మనిషి చేతిలోనైనా, కదలని వస్తువుకైనా ఉండాలి. లేకపోతే ఒక్కో కుక్కకి దాని ఓనరుకి 100 స్విస్ ఫ్రాంకులు జరిమానా. మళ్లీ మళ్లీ చేస్తే మైదానం నుంచి బయటికి పంపిస్తారు. ఇంగ్లండ్‌లో బ్యాడ్మింటన్ హార్స్ ట్రయల్స్‌కి వచ్చే జనంలో తాడు పట్టుకున్న కుక్కలు ఎన్నో. అమెరికాలో కెంటకీలో కూడా అంతే.

మద్దిలపాలెం_కిట్టు
బ్యాడ్మింటన్‌లో గుర్రాలేంటి బ్రో.

రుషికొండ_రైడర్
అక్కడ ఒక ఎస్టేటు పేరు. షటిల్ కాదు.

గాజువాక_గోపి
100 ఫ్రాంకులంటే మన డబ్బుల్లో పదివేలు దాటుతుంది. ఆ బీగిల్ ఓనరు దగ్గర వసూలు చేసే పని నాకివ్వండి, సగం కమిషన్ చాలు.

మధురవాడ_లత
@రుషికొండ_రైడర్ అక్కడి జనం వేరు, ఇక్కడి జనం వేరు. హెల్మెట్ లేకుండా బీచ్ రోడ్డులో బండి నడిపేవాళ్లు కుక్కకి తాడు కడతారా? కాగితం మీద నిబంధన ఉంటే చాలదు, అమలు చేసేవాడుండాలి. మా క్లబ్‌లో గేటు దగ్గర ఎవరూ అడగలేదు. మన దగ్గర నిషేధం తప్ప ఏదీ పనిచేయదు.

బ్రూనో_వాళ్లమ్మ
తాడు నియమమే అమలు చేయలేని వాళ్లు నిషేధం ఎలా అమలు చేస్తారు లతగారూ? గేటు దగ్గర మనిషి లేకపోతే రెండూ ఒక్కటే.

లాయం_రాజు
ఈ మాట బాగుంది.

ఒకప్పటి_నేవీ
వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీలో (సైనికాధికారుల కాలేజీ) ఉన్నప్పుడు ఊటీ హంట్‌లో, అంటే గుర్రాలమీద వేటకుక్కల వెంట వెళ్లే క్లబ్‌లో, స్వారీ చేశాను. అక్కడ ఫాక్స్‌హౌండ్లనే వేటకుక్కల మంద ముందు, మేం వెనక. గుర్రాల కాళ్ల మధ్య నుంచి కుక్కలు దూరి పోతుంటాయి, ఒక్క గుర్రమూ బెదరదు. తన్నే అలవాటున్న గుర్రానికి తోకకి ఎర్ర రిబ్బన్ కడతారు, దాని వెనక్కి ఎవరూ పోరు. హౌండ్‌ని తన్నిన గుర్రం మీద వచ్చినవాడికి ఆ రోజు మెస్‌లో ముఖం చెల్లదు. పాత రోజుల్లో గుర్రబ్బళ్ల పక్కన పరిగెత్తడానికి డాల్మేషియన్లనే పెంచేవారు. కుక్కా గుర్రమూ కలిసి బతకలేవనడం చరిత్ర తెలియక అనే మాట. మన పిల్లల గుర్రాలకి కుక్కల్ని చూపించి అలవాటు చేయాలి. దూరం పెడితే భయం ఇంకా పెరుగుతుంది.

పశువుల_డాక్టర్_విజయనగరం
@ఒకప్పటి_నేవీ సార్, అలవాటు చేయాలన్నది సరే. కానీ హౌండ్లు కూడా శిక్షణ పొందినవే కదా. గుర్రానికి అలవాటు, కుక్కకి క్రమశిక్షణ, రెండూ ఉంటేనే ఊటీలో అలా జరిగింది. మన సంగతి చూస్తే గుర్రం రైడింగ్ స్కూలుది, రోజుకో పిల్ల ఎక్కుతుంది. కుక్క అపార్ట్‌మెంట్‌లో పెరిగి మొదటిసారి గుర్రాన్ని చూస్తోంది. ఈ రెంటి మధ్య పదమూడేళ్ల పిల్ల.

ఒకప్పటి_నేవీ
అంగీకరిస్తాను. అయినా గుర్రానికి అలవాటు చేయడం కోచ్ పని అన్న మాట వెనక్కి తీసుకోను. కుక్కనే కాదు, గొడుగునీ, పాలిథీన్ కవర్‌నీ, బెలూన్‌నీ కూడా చూపించాలి. రేపు పోటీలో జనరేటర్ మోగితే దాన్నీ నిషేధిస్తారా?

మధురవాడ_లత
జనరేటర్ రింగులోకి పరిగెత్తుకురాదు సార్.

గాజువాక_గోపి
లత గారికి 4 పెనాల్టీలు, నేవీ సారుకి ఎలిమినేషన్.

శ్రీకాకుళం_చిన్నోడు
ఏటండీ ఇది, పెంపుడు కుక్కల గొడవే గానీ ఊర కుక్కల మాట ఎవులూ ఎత్తరేటి? మైదానంలో పుట్టి పెరిగిన కుక్కలకి టికెట్టెవడిస్తాడు, తాడెవడు కడతాడు? 2016 నవంబరులో మన వైజాగ్‌లో మొదటి టెస్టు మేచి, ఇంగ్లండుతో. పుజారా సెంచరీకి దగ్గర్లో ఉన్నాడు. కుక్క గ్రౌండులోకొచ్చేసింది. తరిమితే ఎల్లి మళ్లీ వచ్చింది. ఆఖరికి టీ ముందుగా ఇచ్చేసారు. నాను స్టాండులో ఉన్నాను, జనం కోహ్లీకన్నా కుక్కకే ఎక్కువ కేకలేసారు.

మద్దిలపాలెం_కిట్టు
హహ, గుర్తుంది. 2011లో ఢిల్లీ దగ్గర ఫార్ములా వన్ మొదటిసారి పెట్టినప్పుడు కూడా కుక్క ట్రాక్ మీదకొచ్చి ప్రాక్టీస్ ఆపించింది. మన దేశంలో ఏ కొత్త ఆటనైనా ముందు కుక్కే ప్రారంభిస్తుంది.

ఎంవీపీ_శ్రావణి
నవ్వుకోవడానికి బాగుంది గానీ, 2025 అక్టోబరులో ఢిల్లీలో ప్రపంచ పారా అథ్లెటిక్స్ జరుగుతుంటే స్టేడియంలోనే కెన్యా కోచ్‌ని, జపాన్ కోచ్‌ని వీధి కుక్కలు కరిచాయి. ఆ తర్వాత నవంబరు 7న సుప్రీంకోర్టు స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లతోపాటు క్రీడా ప్రాంగణాల నుంచి కూడా వీధి కుక్కల్ని తీసేయమంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి షెల్టర్‌కి పంపాలి, మళ్లీ అక్కడే వదలకూడదు అంది.

బ్రూనో_వాళ్లమ్మ
ఆ ఆర్డరు మీద నాకు చాలా చెప్పాలని ఉంది. షెల్టర్లెక్కడ ఉన్నాయి? ఉన్నచోట కుక్కలకి తిండి పెట్టేదెవరు?

రుషికొండ_రైడర్
దానికి వేరే థ్రెడ్ పెట్టండి ప్లీజ్. ఇక్కడ మొదలైతే ఆగస్టు ఆర్డరూ, నవంబరు ఆర్డరూ అంటూ రెండొందల పోస్టులవుతాయి. అడిగింది పోటీల గురించి.

లాయం_రాజు
కానీ చిన్నోడు అడిగింది పోటీల గురించే కదా. మన క్లబ్బులన్నీ ఊరి బయట ఉన్నాయి, చుట్టూ జీడితోటలు, సరుగుడు తోటలు. కుక్కలు ఎటునుంచైనా వస్తాయి. లాయంలో ఎలుకల్ని తిని, రాత్రి దొంగల్ని మొరిగి తరిమేది కూడా అవే. వాటన్నిటినీ తీసేస్తే ఇంకో ఊరి నుంచి కొత్తవి వస్తాయి, వాటికి గుర్రమంటే ఏమిటో కూడా తెలియదు. మేం చేసేది ఇదీ: పోటీ రోజు మావాటిని పొద్దున్నే కడుపునిండా పెట్టి దాణా గదిలో వేసి గడియ పెడతాం. వచ్చిన జనానికి రింగు కంచె నుంచి నాలుగైదు గజాల వెనక ఇంకో తాడు కడతాం. కుక్కున్నవాళ్లు ఆ తాడు దాటకూడదు. మనిషి తాడు వదిలేసినా కుక్క రింగు చేరేలోపు ఎవరో ఒకరు పట్టుకోడానికి టైముంటుంది.

పశువుల_డాక్టర్_విజయనగరం
రింగు కంటే వార్మప్ మైదానం ముఖ్యం రాజు గారూ. రింగులో ఒక్క గుర్రమే ఉంటుంది. వార్మప్‌లో ఆరేడు గుర్రాలు ఎదురెదురుగా దౌడు తీస్తుంటాయి. ఒకటి బెదిరితే మిగతావి ఏమిటో చూడకుండానే బెదురుతాయి. జనం కుక్కతో సెల్ఫీ దిగడానికి నిలబడేది మాత్రం అక్కడే.

లాయం_రాజు
నిజమే. అక్కడ తాడు కట్టలేదు మేం. ఈసారి కడతాం.

బ్రూనో_వాళ్లమ్మ
ఇలాంటిదైతే నాకు అభ్యంతరం లేదు. ఆ సాగే తాడు పిచ్చి మాత్రం నాకూ అర్థం కాదు. ఐదు మీటర్లు సాగుతుంది, చేతిలోంచి జారితే పిడి నేలమీద శబ్దం చేస్తూ వెంటపడుతుంది. కుక్కే దానికి భయపడి ఇంకా పరిగెడుతుంది. బీగిల్ ఆడుకోడానికి వెళ్లలేదు, ఆ పిడి నుంచి పారిపోతూ రింగులోకి దూరి ఉంటుంది. మామూలు ఆరడుగుల నైలాన్ తాడు, చేతికి ఒక చుట్టు. అంతే.

ఇంకో విషయం. పూర్తిగా నిషేధిస్తే కొందరు కుక్కని కార్లో వదిలేసి వస్తారు. మన వైజాగ్ ఉక్కపోతలో, డిసెంబరైనా మధ్యాహ్నం అద్దాలు మూసిన కార్లో కుక్క ఎంతసేపు బతుకుతుంది? అప్పుడు పోటీలో ప్రమాదం తగ్గుతుంది, పార్కింగ్‌లో చావు మొదలవుతుంది.

మధురవాడ_లత
కార్లో వదిలేసేవాళ్లకి కుక్కే ఎందుకు? అది నా బాధ్యత కాదు.

ఎంవీపీ_శ్రావణి
బాధ్యత ఎవరిదైనా చచ్చేది కుక్క లతా. బ్రూనో వాళ్లమ్మ చెప్పింది తీసిపారేసే మాట కాదు.

రుషికొండ_రైడర్
లత గారి అసలు బాధ కుక్క కాదు, ఎలిమినేషన్ అనిపిస్తోంది నాకు. దాని గురించి ఒక మాట. అనుకోనిది జరిగితే జడ్జి గంట కొట్టి గడియారం ఆపొచ్చు, రైడర్‌ని ఆపొచ్చు. కుక్క రింగులోకి రాగానే గంట మోగి ఉంటే పాప గుర్రాన్ని పక్కకి తిప్పుకునేది, దారి ఖాళీ అయ్యాక మళ్లీ మొదలుపెట్టేది. పడ్డాక చేసేదేమీ లేదు, పడితే ఎలిమినేషనే. జడ్జి ఆ సమయంలో ఎటు చూస్తున్నాడు అన్నదే అసలు ప్రశ్న.

మధురవాడ_లత
అవును, అదే. దాని గురించి అడిగితే జడ్జి "చూడలేదమ్మా" అన్నాడు. ఫోన్ చూస్తున్నాడని పక్కన కూర్చున్నవాళ్లు చెప్పారు. పాప రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. "అమ్మా, నేను చేతులు లాగేశానా, అందుకే ఆగిందా" అని అడుగుతోంది. తప్పు తనది కాదని ఎంత చెప్పినా వినదు.

ఒకప్పటి_నేవీ
పాపకి చెప్పండి: 80 సెంటీమీటర్ల అడ్డం ముందు కుక్కని చూసిన గుర్రం ఆగితే అది తెలివైన గుర్రం. ఆగకుండా దూకి ఉంటే కుక్క మీద దిగేది, ఇద్దరూ పడేవాళ్లు. ఇక పాప చేతుల సంగతి ఆ గుర్రం ఎప్పుడో మర్చిపోయి ఉంటుంది. మళ్లీ అదే గుర్రం మీద, అదే వారంలో ఎక్కించండి. ఆలస్యం చేయొద్దు.

మధురవాడ_లత
నిన్ననే ఎక్కింది సార్. పోల్స్ నేలమీద పెట్టి దాటించారు.

గాజువాక_గోపి
గుడ్. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మనవాళ్లు డ్రెస్సాజ్ (గుర్రంతో లయగా అడుగులేయించే పోటీ) టీమ్ గోల్డ్ కొట్టాక వైజాగ్‌లో ప్రతి రెండో ఇంట్లో ఒక రైడర్ తయారవుతున్నారు. మధురవాడ నుంచి కూడా ఒక్కరైనా వెళ్లాలి.

లాయం_రాజు
గోపీ, ఆ గోల్డు కొట్టిన పిల్లలు యూరప్‌లో ఏళ్ల తరబడి ట్రైనింగు తీసుకున్నారు. మనం ముందు కుక్కకి తాడు కట్టడం నేర్చుకుందాం.

మధురవాడ_లత
లెటర్ మార్చాను. నిషేధం మాట నా మనసులో పోలేదు, కానీ అందరూ సంతకం పెట్టేలా రాశాను. గేటు దగ్గర ఒక మనిషి. సాగే తాళ్లు లోపలికి రాకూడదు. రింగుకీ వార్మప్‌కీ రెండో వరస తాడు. కుక్క లోపలికొస్తే జడ్జి వెంటనే గంట కొట్టాలి. పోటీ రోజు జడ్జి చేతిలో ఫోన్ ఉండకూడదు. టీకా పుస్తకం చూపించకపోతే కుక్క బయటే. ఇంకేమైనా?

బ్రూనో_వాళ్లమ్మ
జరిమానా కూడా రాయండి. రెండు వేలు చాలు, పదివేలంటే గొడవవుతుంది. మొదటి సంతకం నాది.

శ్రీకాకుళం_చిన్నోడు
ఊర కుక్కల మాట రాయలేదు.

మధురవాడ_లత
రాశాను చిన్నోడా, రాజు గారు చెప్పినట్టే: లాయం కుక్కల్ని పోటీ అయ్యేదాకా లోపల పెట్టాలి, బయటివాటి కోసం కంచె కింద జాగా మూయాలి. అక్కడ పిల్లి కాదు, గాడిద కూడా దూరేంత సందుంది.

మద్దిలపాలెం_కిట్టు
కుక్క పని కుక్క చేయాలి, గాడిద పని గాడిద చేయాలి అంటారు. ఈ పోటీలో ఇద్దరూ వచ్చేలా ఉన్నారు.

మధురవాడ_లత
క్లబ్ నుంచి జవాబొచ్చింది. "కమిటీలో చర్చిస్తాం" అన్నారు.

ఒకప్పటి_నేవీ
కమిటీ అంటే వచ్చే సీజన్. సర్వీసులో ఎన్ని కమిటీలు చూశాను.

లాయం_రాజు
ఈలోగా నెలాఖరుకి మా దగ్గర చిన్న ప్రాక్టీస్ షో పెడుతున్నాం, 60, 80 సెంటీమీటర్లు. లెటర్‌లో ఉన్నవన్నీ మేమే ముందు చేసి చూస్తాం. లత గారూ, పాపని తీసుకురండి. బ్రూనోని కూడా తెండి, చెట్టు కింద వాడికి చోటుంది. గేటు దగ్గర నిలబడే మనిషి మాత్రం ఇంకా దొరకలేదు.

గాజువాక_గోపి
కమిషన్ ఎంత?